కంప వేసిన ఇల్లు

నాగర్‌కర్నూల్,
20-5-2025

అత్తకు వసంత నమస్కారాలు.

ఫోను సంగతి ఇక వదిలేద్దాం. నేను దవాఖాన వరండాలో నిలబడి అరుస్తుంటే పడుకున్న పేషెంట్లు లేచి కూర్చుంటున్నారు, అయినా నువ్వు అవతల "ఎవరు? ఏమైంది?" అంటూనే ఉన్నావు. అమ్మమ్మకు చెవులు పోయాయి గానీ కళ్ళు బాగున్నాయి కదా, ఉత్తరం రాయమ్మా అని సుప్రియ సలహా ఇచ్చింది. తొమ్మిదో తరగతికే తల్లికి బుద్ధులు చెబుతోంది నా కూతురు.

మొదట మంచి మాట చెబుతాను. నేను అడిగిన బదిలీ వచ్చింది. నవంబరులో అమరచింత దవాఖానలో నర్సుగా చేరాలి. ఇక్కడి ఒంటి గది ఖాళీ చేసి నేనూ సుప్రియా నాన్న ఇంటికి వచ్చేస్తాం. దాని తండ్రి మమ్మల్ని వదిలి వెళ్ళిన తర్వాత ఇది మా ఇల్లు అని చెప్పుకోవడానికి మాకు మిగిలింది అదొక్కటే.

ఇక అసలు సంగతి. నాన్న పోయినట్టు కాగితం ఇద్దామని వనపర్తి బ్యాంకుకు వెళ్ళాను. ఇంటి లోనుతో పాటు ఇంటికి బీమా కూడా చేయించాడట. ఆ పని చూసే రాఘవేందర్ అనే ఆయన కాగితాలు తీసుకుని, పాలసీ నా పేరు మీదికి మారుస్తామన్నాడు. లేచి వస్తుంటే అడిగాడు: "ఇంట్ల ఎవరన్న ఉంటున్నరా మేడం? నెల దాటి ఖాళీగ ఉంటె, రేపు గాలివానకు ఏమన్న అయినా కంపెనీ ఒక్క పైస ఇయ్యదు."

నాన్న ధనిష్ఠలో పోయాడు, ఆ నక్షత్రంలో పోతే ఆరు నెలలు ఇల్లు పాడుపెట్టాలి, మనిషి అడుగు పెట్టకూడదు అని నువ్వే గడపకు ముళ్ళకంప అడ్డం వేయించావు. నీ మాట కాదనలేక ఒక్క సంచితో బయటపడ్డాను. ఇప్పుడు పంతులు ఖాళీగా ఉంచమంటాడు, కంపెనీ ఖాళీగా ఉంచొద్దంటుంది. నాకైతే కంపెనీ మాటే వినాలని ఉంది. కంప తీసేయ్ అత్తా. నువ్వుండేది అదే వీధి కదా, రోజూ ఆ ఇంట్లో లైటు వెయ్, వీలైతే అక్కడే పడుకో. నాన్న పోయింది వెనక గదిలో కాబట్టి ఆ పాత గది జోలికి పోకు. ముందు గదుల్లో ఉంటే చాలు.

నీ మేనకోడలు,
వసంత


అమరచింత,
29-5-2025

చిరంజీవి వసంతకు మేనత్త లక్ష్మీదేవమ్మ దీవించి రాయునది.

ఉత్తరం అందింది. పోస్టుమ్యాను దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, నా మొహంలో మొహం పెట్టి నవ్వాడు. ఈ కాలంలో ఈ ముసలిదానికి ఎవరు రాశారా అని వాడికి ఆత్రం.

బదిలీ వచ్చిందని చదివి కడుపు నిండింది. మా అమ్మవారికి ఒక కొబ్బరికాయ బాకీ పడ్డాను. కానీ రెండో మాట రాయడానికి నీకు చెయ్యెలా వచ్చిందే? ధనిష్ఠ అంటే ఏమనుకుంటున్నావు? నియమం తప్పితే ఆ ఇంటి మీది నుంచి ఇంకా నలుగురు పోతారని చిన్నప్పటి నుంచి విన్నాం. ఆ నలుగురిలో ఎవరున్నారు? నేనూ, నువ్వూ, సుప్రియా. నాలుగో మనిషి కూడా లేడు మనకు. నేను పోతే పోనీ, నువ్వు కన్నది ఒక్క పిల్లను.

బ్యాంకాయనకు నక్షత్రాలు తెలియవు. నర్సువు కాబట్టి నీకు కూడా తెలియవు. నాకు తెలుసు. దీపావళి పోగానే పంతులును పిలిచి, నా చేతుల మీదుగా కంప తీయిస్తాను. అప్పటిదాకా ఆ ఇంట్లోకి మనిషి పోడు. వాకిలి బయట ఊడుస్తున్నాను, అంతవరకే. గాలివాన వస్తుందని ముందే ఏడవడం ఎందుకు? మీ నాన్న కట్టిన గోడలు అంత తేలికగా పడవు.

సుప్రియను మజ్జిగ తాగమను. ఎండలు మండిపోతున్నాయి.

మేనత్త,
లక్ష్మీదేవమ్మ


నాగర్‌కర్నూల్,
21-6-2025

అత్తా,

నిన్ను ఎలా పొగడాలో తెలియడం లేదు. అంత పెద్ద ఉత్తరం రాసి నన్ను తిట్టి, చివరికి నా మాటే విన్నావు కదా. నిన్న ఎదురింటి రేణుకమ్మ ఫోన్ చేసింది. "మీ ఇంట్ల లైటు ఎలుగుతుంది వసంతా, మంచం జరిపిన సప్పుడు గూడ అయితుంది" అంది. ఆమె గొంతు కాస్త వణికినట్టుంది గానీ, నాకు మాత్రం గుండె మీది బరువు దిగినట్టయింది. నీ మొండితనం, నీ ప్రేమ రెండూ నాకు తెలుసు. పైకి కాదంటావు, చేసేది చేస్తావు.

ఈ రోజే వనపర్తి వెళ్ళి రాఘవేందర్‌కు రాసిచ్చాను, ఇల్లు ఖాళీగా లేదు, మా మేనత్త ఉంటోంది అని. ఆయన కూడా మంచిదన్నాడు. ఇక మనకు దిగులు లేదు.

కంప ఇంకా అలాగే ఉందని రేణుకమ్మ అంది. పెరటి తలుపు నుంచి పోతున్నావా? జారిపడతావు, జాగ్రత్త. అక్కడి మెట్టుకు నాచు పడుతుంది.

వసంత


అమరచింత,
30-6-2025

వసంతా,

నీ ఉత్తరం చదివాను. నేనెక్కడ వెలిగించాను లైటు? ఆ కంప దాటానని నీకు ఎవరు చెప్పారు? నన్ను అడగకుండా బ్యాంకులో ఎందుకు రాసిచ్చావు?

వీధంతా ఒకటే గుసగుస. రేణుకమ్మ నోరు చూస్తే చాలు నాకు మాట అర్థమవుతుంది. ఆమె చెప్పేది, మీ నాన్న కురుమయ్య ఇంకా ఇల్లు విడిచి పోలేదని. పొద్దు గుంకితే ఆ దారిన పిల్లల్ని పోనివ్వడం లేదు. పాలు పోసే మనిషి కూడా చుట్టూ తిరిగి వస్తున్నాడు. నాకేమో ఇంకో అనుమానం. అద్దె కోసం నువ్వే ఎవరినైనా కూలోళ్ళను పెట్టావా ఆ ఇంట్లో? బీమా కోసం ఎంతకైనా తెగిస్తావేమో అనిపించింది. అలా చేస్తే మాత్రం మన మధ్య మాటలుండవు.

నేను లేనని బ్యాంకాయనకు చెప్పెయ్. దొంగ రాతలు నా పేరు మీద వద్దు.

లక్ష్మీదేవమ్మ


నాగర్‌కర్నూల్,
16-7-2025

అత్తా,

నేను ఎవరినీ పెట్టలేదు. సుప్రియ మీద ఒట్టు.

నువ్వు కాదు, నేను కాదు. అయితే ఎవరు? నీ ఉత్తరం వచ్చినప్పటి నుంచి నా మనసు మనసులో లేదు. డ్యూటీలో ఎవరైనా ముసలాయన దగ్గితే తల తిప్పి చూస్తున్నాను. దవాఖానలో ఇన్నేళ్ళుగా ఎన్ని చావులో చూశాను, ఏనాడూ భయపడలేదు. ఇప్పుడు మన ఇంటి పేరెత్తితే భయమేస్తోంది. నా తండ్రికి నేను భయపడడం ఏమిటని సిగ్గుగా కూడా ఉంది.

పైగా సుప్రియకు జ్వరం. డెంగీ అన్నారు, నేను పనిచేసే వార్డులోనే పడుకోబెట్టాను. రక్తకణాలు పడిపోయి మళ్ళీ ఎక్కుతున్నాయి. నువ్వు రాసిన ఆ నలుగురి మాట గుర్తొచ్చి, నర్సునై ఉండి కూడా దాని మంచం పక్కన దేవుళ్ళందరికీ మొక్కాను.

రాఘవేందర్‌కు మళ్ళీ రాసిచ్చాను, మా అత్త ఉండడం లేదట, నాకు తెలియక రాశాను అని. ఆయన తల పట్టుకున్నాడు. నవంబరులో ఆ ఇంటికి రావాలా వద్దా అన్నది కూడా నాకు తెలియడం లేదు. రాకపోతే ఎక్కడికి పోవాలో అంతకన్నా తెలియడం లేదు.

వసంత


అమరచింత,
24-8-2025

చిరంజీవి వసంతకు,

పిల్ల లేచి తిరుగుతోందని రేణుకమ్మ ద్వారా తెలిసింది. దానికి జ్వరమున్న వారమంతా నేను అన్నం తినలేదు.

గాలివాన సంగతి కూడా ఆమే నీకు ఫోన్‌లో చెప్పిందట కదా. ముందు గదులు బాగానే ఉన్నాయి. వెనక గది మీది రేకులు లేచిపోయి, పెరటి వైపు గోడ కూలింది. పక్క గోడకు కూడా నెర్రె పడింది, అది ముందు గదుల దాకా పాకేలా ఉంది. త్వరగా ఏదో ఒకటి చేయించాలి.

నువ్వు చెప్పగానే బ్యాంకాయన, కంపెనీ సర్వేయర్ కలిసి వచ్చారు. నేను పోయేసరికే పెరటి వైపు నుంచి ఫోటోలు తీసుకున్నారు. సర్వేయర్ వీధిలో అందరినీ అడిగాడు, ఈ ఇంట్లో మనిషి ఉంటున్నాడా అని. ఒక్కరు కూడా లేరనలేదు. మనిషి ఎవరని అడిగితే రేణుకమ్మ ఏమందో తెలుసా? "ఇంటాయననే ఉంటుండు సార్, కురుమయ్య. రోజు లైటేసుకుంటడు" అంది. సర్వేయర్ బయటి ఊరివాడు. బుద్ధిగా రాసుకుని పోయాడు. బ్యాంకాయన ఫోన్ మాట్లాడుతూ దూరంగా ఉన్నాడు. నేను పక్కనే ఉండి కూడా నోరు తెరవలేకపోయాను.

లక్ష్మీదేవమ్మ


నాగర్‌కర్నూల్,
6-9-2025

అత్తా,

కంపెనీ నుంచి కాగితం వచ్చింది. నవ్వాలో ఏడవాలో నువ్వే చెప్పు. సర్వేయర్ విచారణలో ఇంటి యజమాని కురుమయ్య ఆ ఇంట్లోనే నివసిస్తున్నట్టు తేలిందట. అలాంటప్పుడు ఏప్రిల్‌లో చనిపోయినట్టు మేమిచ్చిన కాగితం ఏమిటో వివరించాలట. బతికుంటే ఆయన సంతకం పంపాలట. నేను ఒకసారి అత్త ఉందనీ, ఇంకోసారి ఎవరూ లేరనీ రాసిచ్చిన రెండు కాగితాలూ జతచేశారు. ఇంట్లో నిజంగా ఎవరున్నారో ఈ నెలాఖరులోగా తేల్చకపోతే బీమా రాదు. అది రాకపోతే గోడ లేదు, గోడ లేకపోతే వానాకాలం దాటేసరికి ఇల్లూ ఉండదు. ఆ పని చేయించే తాహతు నాకు లేదని నీకు తెలుసు.

సర్వేయర్ తీసిన ఫోటోలు కూడా పంపారు. రాత్రి భోజనం అయ్యాక సుప్రియా నేనూ చూశాం. కూలిన గోడ, వంగిన రేకులు, నాన్న మంచం. మంచం మీద దుప్పటి పరిచి ఉంది. మిగిలిన సగం గదిలో పొయ్యి, పక్కన బూడిద తీసి కుప్పగా పోసి ఉంది. కడిగి బోర్లించిన రెండు కంచాలు ఉన్నాయి. దండెం మీద ఆకుపచ్చ అంచు చీర ఆరేసి ఉంది. ఆ చీర పోయిన ఉగాదికి నీకు నేనే గద్వాల నుంచి తెచ్చాను.

చీర గురించి నేను అడగను. నాకు కోపం కూడా లేదు. ఆ రెండో కంచం ఎవరిది అత్తా?

వసంత


అమరచింత,
13-9-2025

వసంతా,

ఆ కంచం మా తమ్ముడిది.

ఇన్ని రోజులూ నీకు అబద్ధాలు రాశాను. ఇప్పుడు జరిగింది జరిగినట్టు రాస్తున్నాను, నమ్మితే నమ్ము. నీ మొదటి ఉత్తరానికి జవాబు రాసిన కొన్నాళ్ళకు, లోపల జొన్నల మూట ఉండిపోయింది, ఎలుకల పాలవుతుందని పెరటి తలుపు తీసి వెనక గదిలోకి పోయాను. మూట ఎత్తుకుని తిరుగుతుంటే మంచం వైపు నుంచి దగ్గు వినిపించింది.

వినిపించింది అని రాశాను, చూడు. పిడుగు పడితే ఛాతీలో అదురు తెలియడం తప్ప, నా చెవిలో ఏ చప్పుడూ పడక ఎన్నేళ్ళయిందో నీకు తెలుసు. మా తమ్ముడు బతికి ఉన్నప్పుడు కూడా ఆఖరి రోజుల్లో వాడి మాట నాకు వినపడలేదు. పోయే ముందు ఏదో చెప్పాడు, నేను పెదాలు చూసి కూడా పట్టుకోలేకపోయాను. అదే నన్ను తినేస్తోంది. అలాంటిది ఆ గదిలో వాడి దగ్గు, చెప్పుల చప్పుడు, "అక్కా, రొట్టె మాడుతుంది జర జూడు" అనడం, అన్నీ వినిపిస్తున్నాయి. గడప దాటి పెరట్లోకి వస్తే మళ్ళీ ఏమీ ఉండదు. ఇక నేను పోకుండా ఎలా ఉంటాను? రెండు రొట్టెలు కాల్చి రెండు కంచాల్లో పెట్టుకుని కూర్చునేదాన్ని. మనిషి మాట వినడానికి అంత ఆకలిగా ఉంటుందని నాకే తెలియదు.

నీకు ఎందుకు చెప్పలేదంటే, మొదటిది సిగ్గు. నువ్వు ఏడుస్తుంటే నిన్ను బయటికి పంపి కంప వేయించింది నేనే కదా. రెండోది భయం, ఎవరికైనా చెబితే వాడు పోతాడేమోనని. సుప్రియకు జ్వరమని నువ్వు రాసినప్పుడు నా వల్లే అనుకున్నాను. ఇక ఆ వైపు చూడనని అమ్మవారి ముందు ఒట్టు పెట్టుకున్నాను. పిల్లకు నయమైందని తెలిసిన మర్నాడే మళ్ళీ పోయాను. నన్ను ఏమని తిట్టుకుంటావో తిట్టుకో.

గాలివాన నాడు నేను లోపలే ఉన్నాను. రేకులు కొట్టుకుంటున్నాయని వీధి వీధంతా విన్నదట, నాకేం తెలుసు? పొయ్యి ముందు కూర్చున్నాను. "అక్కా, లే. బయటికి నడువు" అన్నాడు. నా మీద ఎప్పుడూ గొంతు పెంచనివాడు గద్దించి చెప్పాడు. లేచి పెరట్లోకి వచ్చాను. కాళ్ళ కింద నేల అదిరితే తిరిగి చూశాను, పొయ్యి దక్కింది, నేను కూర్చున్న చోట గోడ ఉంది.

కంపెనీకి ఇవ్వడానికి కాగితం రాసి ఇందులోనే పెడుతున్నాను. ఊరందరికీ తెలిసినా ఫరవాలేదు. నియమం తప్పింది నేనని తెలియనీ.

లక్ష్మీదేవమ్మ


నాగర్‌కర్నూల్,
20-9-2025

అత్తా,

నీ ఉత్తరం ఎన్నిసార్లు చదివానో. సుప్రియకు కూడా చదివి వినిపించాను. దాని జ్వరం దోమ వల్ల వచ్చింది, నీ వల్ల కాదు. దవాఖానలో పనిచేసేదాన్ని, ఇది మాత్రం నా మాట నమ్ము. ఆ గోడ కింద నువ్వు ఉంటే నేనేమైపోయేదాన్నో.

కాగితం రాఘవేందర్‌కు ఇచ్చాను. అందులో నువ్వు "ఆ ఇంట్లో నేనూ, నా తమ్ముడు కురుమయ్యా ఉంటున్నాము" అని రాశావు. ఆయన రెండుసార్లు చదివి, కళ్ళజోడు తీసి, మెల్లగా నాకే తిరిగి ఇచ్చాడు. నవ్వలేదు. "మా అమ్మ పోయినప్పుడు నాక్గూడ గిట్లనే ఉండె మేడం. గని గీ కాయితం పైకి పోతె ఫైలు మూసేస్తరు. నేను ఒక్కదాన్నే ఉంటున్న అని అవ్వను రాసియ్యమను. మనిషి ఉన్నట్టు తేలితె చాలు, పని అయితది" అన్నాడు.

అత్తా, నిన్ను ఇది అడగడానికి నాకు నోరు రావడం లేదు. నాన్న పేరు నీ చేత్తో నువ్వే తీసెయ్యాలి. ఒక్క మాట తేడా, కాగితం మీద మాత్రమే. అయినా నీకు ఇష్టం లేకపోతే రాయొద్దు. ఇల్లు పోతే పోతుంది, అక్కడే ఏదో ఒక అద్దె గది వెతుక్కుంటాం. నీ మనసు కష్టపెట్టి ఆ ఇంట్లో నేను పడుకోలేను.

వసంత


అమరచింత,
14-10-2025

చిరంజీవి సౌభాగ్యవతి వసంతకు, సుప్రియకు మేనత్త దీవించి రాయునది.

బీమా మంజూరైందని రాఘవేందర్ మనిషితో చెప్పి పంపాడు. నీకు కూడా తెలిసే ఉంటుంది. మేస్త్రీతో మాట్లాడాను. ముందు వెనక గదిలో మిగిలింది పడగొట్టి, ఆ తర్వాత కొత్త గోడ లేపుతానన్నాడు. నువ్వు వచ్చేసరికి పని అయిపోతుంది.

ఆ కాగితం ఎలా రాశానో నీకు చెప్పాలి. ఇంటి దగ్గర రాయలేదు. వాడికి తెలియకుండా రాశానని అనుకోకూడదని ఆ గదిలోకే పోయి, మంచం పట్టె మీద కాగితం పెట్టుకుని రాశాను. "ఆ ఇంట్లో నేను ఒక్కదాన్నే ఉంటున్నాను." రాసి, వాడికి వినపడేలా పైకి చదివాను. "కురుమా, ఇది కంపెనీ కోసమే రా. వసంతకు ఇల్లు కావాలె. నువ్వేం మనసుల పెట్టుకోకు" అని చెప్పాను. ఏమీ అనలేదు. అలిగాడేమో, రేపటికి సర్దుకుంటాడనుకున్నాను.

మర్నాడు పోయి రొట్టెలు కాల్చాను. పొద్దు గుంకేదాకా కూర్చున్నాను. ఆ తర్వాత కూడా రోజూ పోయాను. రొట్టె కావాలని మాడబెట్టి చూశాను, ఏమైనా అంటాడేమోనని. దగ్గు లేదు, చెప్పుల చప్పుడు లేదు. పెరట్లో ఎలా ఉందో లోపలా అలాగే ఉంది. కంపెనీ కోసం అబద్ధం రాశాననుకున్నాను వసంతా. రాశాక అదే నిజమైంది.

నీ మీద నాకు కోపం లేదు. ఇంకా నెలలు నిండలేదని పంతులు గొణిగాడు గానీ, నిన్న అందరూ చూస్తుండగా కంప నేనే లాగి అవతల పడేశాను. ఇప్పుడు రేణుకమ్మ కూడా చీకటి పడ్డాక ఆ దారినే వస్తోంది. వీధిలో ఎవరూ భయపడడం లేదు. వాళ్ళకు భయం పోయినందుకు నాకు ఏడుపొచ్చింది.

మీరు సామాను సర్దుకుని వచ్చేయండి. దీపావళి పోగానే మేస్త్రీ వస్తాడు. వెనక గదిని పడగొట్టించడానికి నాకు ఏ అభ్యంతరమూ లేదు. అందులో ఇప్పుడు ఎవరూ ఉండడం లేదు.

మేనత్త,
లక్ష్మీదేవమ్మ